తొడుగు తియ్యని పరుపులు

ఆ ఏడు సీజన్ ఇంకా మొదలుకాకముందే మా ఇంటి యజమానురాలు మా కొట్టుకొచ్చి ఎనిమిది మంచాలు, ఎనిమిది పరుపులు, వాటికి సరిపడా దిండ్లు కావాలంది.

మాది పరుపుల కొట్టు. మా మామయ్య పెట్టింది. ఆయనా, మా ఆయనా, నేనూ కలిసి నడిపేవాళ్ళం. ఒక్క మనిషి ఒక్కసారే ఎనిమిది పరుపులు అడగడం మామయ్య ఎన్నడూ చూడలేదు. పైగా అడిగింది పరాయి మనిషి కాదు. ఆవిడ ఇంట్లోనే మేం అద్దెకుంటున్నాం. పైన ఆవిడ, కింద మేము. నేను కాపరానికి రాకముందు నుంచీ మా వాళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నారు. మేమందరం ఆవిణ్ణి మేడమీదావిడ అనేవాళ్ళం.

మామయ్య గబగబా లేచి ఆవిడకి కుర్చీ వేశారు. నా చేత టీ పెట్టించారు. పరుపులన్నీ కిందికి దింపించి, ఒక్కొక్కదాన్నీ అరచేత్తో నొక్కి చూపిస్తూ, దీనిమీద పడుకుంటే పొద్దున్న లేవబుద్ధి కాదని చెప్పారు. మనవాళ్ళు కదా అని ధర తనంతట తనే తగ్గించారు. ఆవిడ ఇంకాస్త తగ్గించమంది. అదీ తగ్గించారు. దిండు గలేబులు ఊరికే కుట్టించి ఇస్తానన్నారు. ఆవిడ బయానా చేతిలో పెట్టి, టీ తాగి గ్లాసు పక్కన పెట్టాక గానీ ఆయనకి అడగాలని తోచలేదు.

"ఇంతకీ ఇన్ని మంచాలు ఎక్కడ వేయిస్తావు చెల్లెమ్మా? పైన నీవి రెండు గదులే కదా."

"కింద వేయిస్తాను అన్నయ్యగారూ."

"కింద మేమున్నాం కదా."

"అదే చెప్దామని వచ్చాను" అంది మేడమీదావిడ.

సముద్రం మా ఊళ్ళో మొదట్నుంచీ ఉంది. ఆ గాలికి ఇనప సామాను తుప్పు పడుతుందని తిట్టుకోవడం తప్ప మేమెవరం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అలాంటిది కొన్నేళ్ళ కిందట ఎవరో పొద్దుగూకే వేళ మా రేవు మెట్లమీద నిలబడి తీసిన వీడియో ఒకటి ఫోన్లన్నీ తిరిగింది. అప్పటినుంచి ఎండాకాలం నాలుగు నెలలూ, వానలు వెలిశాక చలికాలమూ జనం రావడం మొదలుపెట్టారు. ఆ వీడియోలో ఒక మూలగా చేపల బుట్టలు కడుగుతున్న మనిషి కనిపిస్తుంది. ఆవిణ్ణి కూడా చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఆవిడ విసుగెత్తి వేరే రేవుకి మారిపోయింది.

మా వీధిలో నేలంతా రాళ్ళు పరిచి ఉంటుంది. వచ్చేవాళ్ళు వాటిమీద చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ పోతుంటే ఇంట్లో మాటలు వినపడేవి కావు. మాట మధ్యలో ఆపి, పెట్టె దాటిపోయాక మళ్ళీ అందుకునేవాళ్ళం. అత్తయ్యా మామయ్యా తగువులాడుకునేటప్పుడు మాత్రం ఇది బాగా పనికొచ్చేది. పెట్టె దాటేలోపు సగం కోపం దిగిపోయేది, రెండో పెట్టె వచ్చిందంటే దేనికోసం మొదలైందో కూడా మర్చిపోయేవాళ్ళు.

ఊళ్ళో ప్రతివాడూ ఇంట్లో ఒక గది ఖాళీ చేసి మంచం వేశాడు. తర్వాత రెండో గది, ఆ తర్వాత ఇల్లంతా. ఆ మంచాలన్నీ మా కొట్లోంచే వెళ్ళాయి. మామయ్య కొట్టుకి కొత్త బోర్డు రాయించారు. చక్రాల పెట్టెల చప్పుడు వినపడితే అత్తయ్య చెవులు మూసుకునేది. మామయ్య మాత్రం కొట్టు గుమ్మంలోకి వచ్చి ఆ పెట్టెల వంక పంట వంక చూసినట్టు చూసేవారు. ఆ పంటలో మేమూ కోతకొస్తామని ఆయన అనుకోలేదు.

మేడమీదావిడ చెడ్డమనిషేం కాదు. పైకప్పు కారుతోందనీ, మందులు కొనలేకపోతున్నాననీ, కూరగాయలవాడు లాడ్జీలవాళ్ళకి చెప్పే ధరే తనకీ చెప్తున్నాడనీ, పింఛను మాత్రం అంతే ఉందనీ చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాలుగు నెలలే, సీజన్ అవగానే మీ ఇల్లు మీదే అంది. చేతిలో ఆవిడిచ్చిన బయానా ఉండగా మామయ్య సరేనన్నట్టు తలూపారు.

ఆ సంగతి ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య స్టవ్వు కట్టేసి వచ్చి మామయ్య ఎదురుగా కూర్చుంది.  

"ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎవరైనా తగువాడతారు. మీరు గలేబులు ఊరికే ఇచ్చొచ్చారు."

ఇల్లు వెతకడానికి మామయ్యా నేనూ తిరిగాం. ఊళ్ళో ఇళ్ళు చూపించే మనిషిని అందరూ తాళాలాయన అంటారు. నడుముకి అంత పెద్ద గుత్తి. ఆయన ఏ తలుపు తీసినా లోపల మా పరుపే కనపడేది. మామయ్య ఇల్లు చూడ్డం మానేసి పరుపు చూసేవారు. నొక్కి చూసి, ఇది మనం ఫలానా ఏడు ఇచ్చిందమ్మా, ఇంకా ఎలా ఉందో చూడు అని నాతో అనేవారు. ఇల్లు అద్దెకి లేదు, రోజువారీ గదులే ఉన్నాయి అని తాళాలాయన చెప్తూనే ఉన్నాడు.

ఒక డాబా మీద నీళ్ళ మోటారు పెట్టుకునే గది ఖాళీగా ఉందన్నాడు. మోటారు తీసేసి సున్నం వేశారు. ఒక మనిషి నిలబడితే రెండో మనిషి గుమ్మంలో నిలబడాలి. అయినా మామయ్యకి ఆశపుట్టింది. ఎంత అన్నారు. తాళాలాయన ఒక అంకె చెప్పాడు. మామయ్య బేరం మొదలుపెట్టారు. కొట్లో ఎదటివాళ్ళ బేరాలు విని విని ఆయనకి ఆ విద్య బాగా పట్టుబడింది. వెళ్ళిపోతున్నట్టు నటించారు, మెట్లు దిగారు, మళ్ళీ ఎక్కారు. తాళాలాయన సగానికి సగం దిగొచ్చాడు. మామయ్య నా వంక గర్వంగా చూసి, ఒకటో తారీఖున దిగిపోతామన్నారు.

"ఒకటో తారీఖు ఒక్క రోజేనా, రెండో తారీఖు కూడా రాసుకోమంటారా?" అన్నాడు తాళాలాయన.

దిగేటప్పుడు మామయ్య మెట్ల చేపట్టు పట్టుకుని దిగారు.

పక్క ఊళ్ళో ఇళ్ళున్నాయి. బళ్ళో మాస్టారూ, మందుల షాపు ఆయనా, బ్యాంకులో గుమాస్తా అప్పటికే అక్కడికి మారిపోయి రోజూ బస్సులో వచ్చేవారు. వచ్చేవారంటే, బస్సులో చోటు దొరికితే వచ్చేవారు. సీజన్లో ఆ బస్సు నిండా సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళే. మాస్టారు మూడో పీరియడుకి రావడం, మందుల షాపు మధ్యాహ్నం తెరవడం ఊరికి అలవాటైపోయింది. మేమూ అక్కడికి పోతే కొట్టు తాళం ఎవరు తీస్తారని మామయ్య అన్నారు. అలా తిరిగి తిరిగి చివరికి కొట్లోకే చేరాం.

సామాను తరలించిన రోజు మా ఆయన ట్రాలీ బండి ఒక్క ట్రిప్పు కూడా ఖాళీగా తిప్పలేదు. మా బీరువా, గిన్నెలు ఎక్కించుకుని కొట్టుకి తెచ్చాడు, తిరుగు ట్రిప్పులో మేడమీదావిడ మంచాలు తీసుకెళ్ళి మేం ఖాళీ చేసిన చోట బిగించాడు. పెట్రోలు కలిసొచ్చిందని సాయంత్రం సంతోషంగా చెప్పాడు. అత్తయ్య కొడుక్కి అన్నం పెట్టి, ఆ లెక్క వినకుండానే పెరట్లోకి వెళ్ళిపోయింది.

కొట్టు ముందు భాగమంతా అద్దం. అద్దం దగ్గర దుప్పటి, దిండ్లు వేసి ముస్తాబు చేసిన మంచం ఒకటి. దాని వెనక నిలువుగా, అడ్డంగా పేర్చిన పరుపులు. అటక నిండా దూది, స్పాంజి. వెనక పక్క నేను కుట్టే మిషను, ఒక కుళాయి, చిన్న పెరడు. పొద్దున్న కొట్టు తెరిచేసరికి స్టవ్వు మిషను కిందికీ, బట్టలు దూది బస్తాల వెనక్కీ, మేము వ్యాపారస్తుల్లోకీ మారిపోవాలి. ఇంటి మంచాలు అటక మీదికెక్కించేశాం గనక అమ్మకపు మంచాలమీదే పడక. దీనికి మామయ్య ఒక షరతు పెట్టారు. పరుపుల ప్లాస్టిక్ తొడుగు ఎవరూ తియ్యకూడదు. తీస్తే పాత పరుపు కింద లెక్క, ఎవరూ కొనరు.

ప్లాస్టిక్ మీద పడుకోవడం ఎలాంటిదో పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది. చెమటకి వీపు అంటుకుపోతుంది. పక్కకి తిరిగితే కొత్త నోట్లు నలిపినంత చప్పుడు. పెళ్ళై అప్పటికి రెండేళ్ళు. మా ఆయన నా వైపు తిరిగాడంటే ఆ సంగతి కొట్టంతటికీ తెలిసేది. మామయ్య దగ్గేవారు. దానికితోడు ఒక మంచం అలవాటయ్యేసరికి అది అమ్ముడుపోయేది. పొద్దున్న లేచి ముడతలు సరిచేసిన పరుపు సాయంత్రానికి ఎవరింటికో వెళ్ళిపోయి ఉండేది. అత్తయ్య తనకి నచ్చిన పరుపుకి ఎవరైనా బేరమాడుతుంటే వెనకనుంచి, దాంట్లో గుంట ఉంది అనేది.

ఆ రోజుల్లోనే ఆవిడ పిండిమరకి వెళ్ళింది.

మా పాత వీధి చివర పిండిమర ఉండేది. దాన్ని బయటివాళ్ళెవరో కొని కాఫీ హోటల్ చేశారు. చేశారు గానీ బోర్డు మార్చలేదు. పిండిమర అన్న పాత బోర్డూ, మర యంత్రమూ, కాటా అన్నీ ముచ్చటగా ఉన్నాయని అలాగే ఉంచారు. ఈ సంగతి తెలియక అత్తయ్య గోధుమల డబ్బా పట్టుకుని వెళ్ళింది. ఎంతకీ రాకపోతే నేను వెళ్ళాను. లోపల గుండ్రటి బల్ల దగ్గర ఆవిడ కూర్చుని ఉంది, ఒళ్ళో డబ్బా. చుట్టూ నలుగురైదుగురు చేరి ఫొటోలు తీస్తున్నారు. వచ్చేవాళ్ళ సరదాకోసం యజమాని పిలిపించిన మనిషనుకుని, వడ్డించేవాడు ఆవిణ్ణి అక్కడ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడట.

అత్తయ్య నన్ను దగ్గరికి పిలిచి మెల్లిగా అంది. "ముందు వీళ్ళందరివీ ఆడాలి కాబోలు. ఒక్కళ్ళ చేతిలోనూ డబ్బా లేదు."

నేను విషయం చెప్పాను. ఆవిడ లేచి ఆ మర దగ్గరికి వెళ్ళి, గొట్టంలోకి తొంగి చూసింది. లోపల కాగితం పూలు పెట్టారు. పిండి ఆడించుకోవాలంటే ఇక పక్క ఊరికి బస్సులో వెళ్ళాలి. మేం బయటికొస్తుంటే యజమాని వెనకాలే వచ్చి, ఆ డబ్బా పాతకాలందిలా ఉంది, అమ్ముతారా అని అడిగాడు. అత్తయ్య తలెత్తి చూడకుండా నడిచింది. కొట్టు దాకా వచ్చాక, ఎంతిస్తానన్నాడో అడగాల్సింది అంది.

ఆవిడకి మధ్యాహ్నం కునుకు లేకపోతే తల తిరిగిపోతుంది. మిగతా మంచాలన్నీ సామానుతో నిండి ఉండటంతో ఒకరోజు అద్దం దగ్గరి ముస్తాబు మంచంమీదే నడుం వాల్చింది. దానికొక్కదానికే తొడుగు లేదు. అయిదు నిమిషాల్లో గాఢంగా నిద్రపోయింది. రోడ్డుమీద పోయేవాళ్ళు ఆగి చూడ్డం మొదలుపెట్టారు. మేం లేపబోయేలోపే గదులు అద్దెకిచ్చే దంపతులిద్దరు లోపలికొచ్చి, ఆ పెద్దావిడ పడుకున్న పరుపు ఎంత అని అడిగి అలాంటివి నాలుగు రాయించుకుపోయారు. మర్నాడూ అంతే. మామయ్య కొట్టు పెట్టినప్పట్నుంచీ పరుపు మెత్తదనం గురించి నోరు నొప్పెట్టేలా చెప్పినా రాని బేరం, అత్తయ్య గురక పెడితే వచ్చింది.

నాలుగోరోజు ఆయన వెళ్ళి, పొద్దున్న పదకొండింటికి కూడా ఒక గంట పడుకోగలవేమో చూడమని అడిగారు.

అత్తయ్య కోపంతో ఆ పూట అసలు పడుకోలేదు. తర్వాత బాగా ఆలోచించి ఒప్పుకుంది. అయితే మొహం గోడవైపే తిప్పుకుంటాననీ, వీధిలోవాళ్ళ ఫొటోల్లో తన వీపు తప్ప ఏమీ పడకూడదనీ చెప్పింది. ఆ సీజన్లో మా ఊరొచ్చి వెళ్ళినవాళ్ళ ఫోన్లలో సముద్రంతోబాటు మా అత్తయ్య వీపు కూడా ఉండే ఉంటుంది.

నాకు నెల తప్పిన సంగతి కొట్టుకి మారాకే తెలిసింది. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. కానీ కొత్త స్పాంజి మూట విప్పినప్పుడల్లా ఆ వాసన పడక పెరట్లోకి పరిగెత్తేదాన్ని. మామయ్య నొచ్చుకున్నారు. మంచి సరుక్కే ఆ వాసన ఉంటుందమ్మా, నాసిరకానికి ఉండదు అన్నారు. అత్తయ్య ఆయన వంక జాలిగా చూసి, నా వంక చూసి, ఏమీ అడక్కుండా స్పాంజి మూటలన్నీ అటక మీదికెక్కించమని కొడుక్కి చెప్పింది. ఆ రోజునుంచి అద్దం దగ్గరి మంచం మధ్యాహ్నం ఆవిడకీ, సాయంత్రం నుంచి నాకూ అయింది.

సీజన్ మధ్యలో మేడమీదావిడ కబురు పంపింది. కింద ఒక మంచం కిర్రుమంటోందట, ఒక పరుపు కుట్టు ఊడిందట. మా ఆయన పానా తీసుకున్నాడు, నేను దబ్బనం, దారం తీసుకున్నాను. మేం వెళ్ళకపోయినా సరిపోయేదే. ఒకసారి చూడాలనిపించింది.

మా పడగ్గదిలో భార్యాభర్తలిద్దరు దిగి ఉన్నారు. కాస్త పెద్దవాళ్ళు, మర్యాదస్థులు. మాట మాదే, యాస వేరు. మా ఆయన మంచం కింద దూరి బోల్టులు బిగిస్తుంటే నేను పరుపు కుట్టాను. ఆవిడ వద్దన్నా వినకుండా మాకు టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి చక్కెర కలపడానికి చెంచా కనపడటం లేదని గొణుక్కుంటూ వెతుకుతోంది. నేను వెళ్ళి స్టవ్వు కింద రెండో సొరుగు లాగాను. చెయ్యి దానంతట అదే లోపలికి వెళ్ళింది. చెంచాలు లేవు. పడవ షికార్ల కాగితాలు, రెండు బల్బులు, అట్టమీద అంటించిన నిబంధనలు ఉన్నాయి. మొదటి నిబంధన, ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడరాదు.

"ఎంత ప్రశాంతంగా ఉందో ఇల్లు" అందావిడ. "ఇలాంటి ఊళ్ళో ఉండటం మీ అదృష్టం. మీ ఇల్లు ఇక్కడికి దగ్గరేనా?"

"దగ్గరేనండీ" అన్నాను.

టీ తాగాం. బాగుంది. ఆవిడ నా వాలకం చూసి ఎన్నో నెలని అడిగింది, జాగ్రత్తగా ఉండమంది. బయటికొచ్చాక మా ఆయన పానా గుడ్డతో తుడిచి బండిలో పెట్టాడు. తర్వాత, ఆ మంచం మొదట్లో నేనే సరిగ్గా బిగించలేదు అన్నాడు.

కొట్టుకొచ్చాక అత్తయ్య కిర్రుమనడం తగ్గిందా అని అడిగింది. తగ్గిందన్నాను. వంటింట్లో ఏమైనా మార్చారా అని అడిగింది. ఏం మార్చలేదన్నాను.

మేం ఖాళీ చేసిన నాటినుంచి అత్తయ్య మేడమీదావిడతో మాట్లాడటం మానేసింది. బజార్లో ఎదురైతే కూరల వంక చూసేది. అలాంటిది ఒకరోజు పొద్దున్నే కొట్టు తెరిచేసరికి మేడమీదావిడ మెట్టుమీద కూర్చుని ఉంది. చేతిలో ఒక సంచీ, చంకలో దిండు. లేచి లోపలికొచ్చేటప్పుడు ఒక కాలు ఈడుస్తోంది.

"రెండ్రోజులు ఉంటాను వదినా" అంది.

అత్తయ్య దిండు గలేబు కుడుతోంది. తలెత్తలేదు. మామయ్య కుర్చీ వేశారు. కాలికేమైందమ్మా అని నేనే అడిగాను. ఆవిడ నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టింది. బకెట్టుతో దిగుతూ మెట్లమీద జారిందట. లేవలేకపోయిందట.

"అలవాటు కదా, వదినా, వదినా అని కేకేశాను. కింద తలుపు తీసి ఒకాయన చూశాడు. పలకరిస్తున్నాననుకున్నాడు కాబోలు, నవ్వుతూ చెయ్యూపి తలుపేసుకున్నాడు. మళ్ళీ కేకేశాను. మళ్ళీ తీసి మళ్ళీ చెయ్యూపాడు. చాలా మర్యాదస్థుడు."

మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవిడా నవ్వింది. తర్వాత పెట్టెతో ఒకమ్మాయి వచ్చి, సారీ అని చెప్పి, ఆవిడ పక్కనుంచి పెట్టె జాగ్రత్తగా దాటించుకుని కింద గదిలోకి వెళ్ళిందట. పక్కిళ్ళలో పిలుద్దామంటే ఏ ఇంట్లోనూ తెలిసిన మనిషి లేడట.

"మరి ఎవరు లేపారు?" అంది అత్తయ్య. ఆవిడతో మూడు నెలల తర్వాత మాట్లాడిన మొదటి మాట అది.

"ఎవరూ లేపలేదు వదినా. కాసేపు కూర్చుని నేనే లేచాను."

అత్తయ్య సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. నా మిషను మీది కత్తెర తీసుకుని, గోడవారగా ఉన్న మంచం దగ్గరికి నడిచింది. దానిమీదున్నది కొట్లోకల్లా మందమైన పరుపు, మామయ్య ఎవరికీ ధర తగ్గించనిది. కత్తెరతో అంచు కోసి, ప్లాస్టిక్ తొడుగు ఈ చివర్నుంచి ఆ చివరికి చించేసింది. మామయ్య నోరు తెరిచారు. అత్తయ్య మొహం చూశారు. వంగి, కిందపడ్డ ప్లాస్టిక్ ఏరి, చిన్నగా మడతపెట్టసాగారు.

"దెబ్బ తగిలినప్పుడు ప్లాస్టిక్ మీద పడుకోకూడదు" అంది అత్తయ్య, ఎవరితోనో చెప్తున్నట్టు.

రెండ్రోజులన్నది సీజన్ అయ్యేదాకా ఉండిపోయింది. ఆవిడ కొట్లో ఉండగానే ఎవరో మేడమీది గదులు కూడా కావాలంటే అవీ ఇచ్చేసింది. అంత ఇల్లు పెట్టుకుని ఇంటావిడ కూడా పరుపుల కొట్లోనే పడుకునేది. అత్తయ్య ఆవిణ్ణి ఊరికే కూర్చోనివ్వలేదు. మామయ్య ఊరికే ఇస్తానన్న గలేబులు ఇంకా సగం కుట్టాల్సినవి ఉంటే అవన్నీ ఆవిడ చేతే కుట్టించింది.

ఆ ఇంట్లో దిగి వెళ్ళినవాళ్ళు ఇంటి గురించి ఫోన్లో ఏం రాశారో రోజూ నేను ఆవిడకి చదివి వినిపించాలి. ఒకరోజు ఒకరు, ఇల్లు చాలా బాగుంది, ఇంటావిడ ఎక్కువ మాట్లాడుతుంది అని రాసి అయిదు చుక్కలకి మూడే పెట్టారు. మేడమీదావిడ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

"ఆ మాట నేను ఇన్నేళ్ళుగా చెప్తున్నాను" అంది అత్తయ్య. "నాకెవరూ చుక్కలు పెట్టే పనివ్వలేదు."

వానలు పడ్డాయి. చక్రాల పెట్టెలు వెళ్ళిపోయాయి. మాస్టారు మొదటి పీరియడుకే రాసాగారు. కొట్టుకి మాత్రం ఒక్క బేరం లేదు. మామయ్య గుమ్మంలో నిలబడి చూస్తే వీధిలో మనిషి కనపడేవాడు కాదు. ఊళ్ళో ప్రతి గదిలోనూ మా పరుపులున్నాయి, అవి పదేళ్ళదాకా చెక్కుచెదరవు. పడుకునేవాళ్ళే వెళ్ళిపోయారు. అంత మంచి సరుకు అమ్మకుండా ఉండాల్సిందేమో అని ఆయన ఒకసారి మా ఆయనతో అన్నారట.

మేడమీదావిడ అన్న మాట ప్రకారం తాళం తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టింది. అద్దె కూడా పెంచలేదు. అత్తయ్య తాళం ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళమీద నెలలు లెక్కబెట్టడం మొదలుపెట్టింది. నా వైపు చూస్తూ, పైకే లెక్కబెట్టింది. ఆఖరి వేలు దగ్గర ఆగింది. మేడమీదావిడకీ అర్థమైంది. వానలు వెలిసి చలికాలం సీజన్ మొదలవగానే పురుడు వస్తుంది.

"వచ్చే సీజన్‌కి అప్పుడే ఒప్పేసుకున్నాను వదినా. బయానాలు తీసుకున్నాను. పైకప్పు పనివాడికి ఇచ్చేశాను కూడా" అంది ఆవిడ. గొంతు బాగా తగ్గిపోయింది.

అత్తయ్య కేకలేస్తుందని మేమంతా సిద్ధంగా ఉన్నాం. ఆవిడ కేకలెయ్యలేదు.

"అయితే పసిగుడ్డుతో ఈ స్పాంజి వాసనలో ఉంటుందన్నమాట నా కోడలు" అని మాత్రం అని, తాళం కొంగున కట్టుకుంది.

మేం ఇంటికి మారాం. మారిన రెండో రోజో మూడో రోజో మేడమీదావిడ మెట్లు జాగ్రత్తగా దిగి వచ్చి, వెనక గది ఇవ్వనని వాళ్ళకి చెప్పేశానంది. ఆ గది ఒప్పుకున్న కుటుంబం ఫోన్లో బాగా తిట్టారట, ఒక్క చుక్క పెడతామన్నారట. పెట్టుకోనీ అంది. అత్తయ్య అక్కడితో ఊరుకోకుండా వంటిల్లు కూడా అడిగింది. వచ్చినవాళ్ళు బయట తిని రావచ్చు గానీ బాలింత బయట తిని రాలేదు కదా అంది. ఇద్దరూ అరపూట వాదించుకుని వంటిల్లు కూడా మాకే ఉండేట్టు తేల్చుకున్నారు. మామయ్యకీ మా ఆయనకీ వచ్చే సీజన్లో కొట్టే గతి. ముందు గదులు రెండూ ఊరివాళ్ళవి కావు, మావి కావు, ఎవరివో.

ఇంట్లో గోడలకి మా మేకులన్నీ పీకేసి సున్నం వేశారు. క్యాలెండరు ఎక్కడ తగిలించాలో తెలియక అత్తయ్య దాన్ని చాలా రోజులు చేత్తో పట్టుకునే చూసింది. అటక మీదికెక్కించిన పెట్టెల్లో సగం విప్పనేలేదు. 

ఏడో నెలలో మామయ్య ఉయ్యాల కొంటానన్నారు. అంత సీజన్ చేసి మనవడికో మనవరాలికో ఒక మంచి వస్తువు కొనకపోతే ఎలా అన్నారు. నేనూ అత్తయ్యా కూడా వడ్రంగి దగ్గరికి వెళ్ళాం. వడ్రంగి వెనకనుంచి ఒక ఉయ్యాల బయటికి లాక్కొచ్చాడు. చెక్కడం బాగుంది. మామయ్య కమ్మీల మీద చెయ్యి వేసి నిమిరి, నా వంక చూశారు. నాకూ నచ్చింది. గట్టి కర్ర అనీ, మూడు తరాలు ఊగినా కదలదనీ, ఒకసారి ఇంట్లో వేశారంటే నలుగురు పట్టినా లేవదనీ వడ్రంగి చెప్పుకుపోతున్నాడు.

అత్తయ్య అతను చెప్పేదంతా విన్నది. తర్వాత వంగి, ఉయ్యాల ఒక పక్క కమ్మీ పట్టుకుని కొంచెం పైకెత్తింది. బరువు చూసి మెల్లిగా కిందికి దించి, చేతులు దులుపుకుంది.

"మడత పెట్టేది ఉంటే చూపించు నాయనా" అంది.